పక్షమునకొకసారి గట్టుమీద పరీక్ష: విద్యార్థుల సాఫ్ట్‌వేరు పనిలో ఎజైల్ పద్ధతి

పామర్రు పరిసర గ్రామములలో ఇటీవల ఒక దృశ్యము తరచుగా కనబడుచున్నది. నలుగురైదుగురు విద్యార్థులు మోటారు సైకిళ్లపై వచ్చి, రైతు సేవా కేంద్రము వద్ద కూర్చున్న రైతులను పలుకరించి, చేతిలోని కాగితము చూచి ప్రశ్నలడిగి, ఒక ఫొటో తీసికొని, నాలుగు సంతకములు పెట్టించుకొని వెడలిపోవుదురు. రైతుల కొరకు తామొక యాప్ తయారుచేయుచున్నామని చెప్పుదురు. ఆ యాప్ ఏమైనదో, ఎవరికి పనికివచ్చినదో ఊరిలో తెలిసినవారుండరు. మరుసటి సంవత్సరము మరి నలుగురు వత్తురు. ప్రశ్నలు మాత్రము అవియే.

ఇందు విద్యార్థులను తప్పుపట్టి లాభము లేదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్యక్రమములో 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టును చేర్చియున్నది. ఇంజనీరింగు విద్యార్థులు చివరి సంవత్సరమున ఒక పెద్ద ప్రాజెక్టు చేసి తీరవలెను. గుడ్లవల్లేరు, కానూరు, మచిలీపట్నము, నూజివీడులలో పెద్ద విద్యాసంస్థలు ఉన్నవి. అచ్చటి పిల్లలలో అనేకులు రైతు కుటుంబముల బిడ్డలే. వారికి చేయవలెనను కోరిక కలదు. రైతుకు చిక్కులకు కొదువ లేదు. అయినను ఈ రెండును కలియకపోవుటకు ముఖ్య కారణము పని చేయు పద్ధతిలో ఉన్నది. ఆ పద్ధతిని గూర్చి రైతు సోదరులకును, గ్రామాధికారులకును కొంత తెలిసియున్నచో, వచ్చిన విద్యార్థులను మొదటి దినముననే ఒక ప్రశ్న అడుగవచ్చును: "మళ్ళీ ఎప్పుడొస్తారు బాబూ?"

సాఫ్ట్‌వేరు తయారీలో పాత పద్ధతి ఒకటి కలదు. మొదట కావలసినవన్నియు వ్రాసికొందురు. పిదప నమూనా గీయుదురు. పిదప ప్రోగ్రాము వ్రాయుదురు. పిదప పరీక్షింతురు. చిట్టచివర వాడువానికి అప్పగింతురు. ఒక మెట్టు దిగిన పిమ్మట మరల పైకెక్కుట లేదు. కనుకనే దీనికి వాటర్‌ఫాల్, అనగా జలపాత పద్ధతి అను పేరు వచ్చినది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా ఇంజనీరు ఈ మెట్ల వరుసను ఒక వ్యాసములో బొమ్మ గీసి చూపెను. చిత్రమేమన, ఇట్లు ఒకే వరుసలో దిగిపోవుట ప్రమాదకరమని ఆ వ్యాసముననే ఆయన హెచ్చరించియుండెను. లోకము బొమ్మను పట్టుకొని హెచ్చరికను వదలివేసినది.

రైతునకు ఇది సులభముగా బోధపడును. వరికి కావలసిన నత్రజని మొత్తమును దమ్ములోనే వేసి, ఇక కోతనాటికే చేనికి పోవువాడుండునా? నాటు సమయమున ఒక భాగము, పిలక దశలో ఒక భాగము, అంకుర దశలో ఒక భాగము వేయుదుము. ప్రతి పర్యాయము చేను రంగు చూచి, నీరు చూచి, తెగులు చూచి మరీ వేయుదుము. ఒకేసారి వేసినచో కొంత నీటిపాలు, కొంత గాలిపాలు అగును. విద్యార్థుల నాలుగు నెలల శ్రమ కూడ అట్లే పోవుచున్నది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను కొండ ప్రాంతమున, 17 మంది సాఫ్ట్‌వేరు నిపుణులు సమావేశమై ఒక చిన్న ప్రకటన చేసిరి. అదియే ఎజైల్ ప్రకటన. ఎజైల్ అనగా చురుకైన, ఎటు కావలసిన అటు తిరుగగల అని అర్థము. వారు చెప్పినది స్థూలముగా ఇది: లావుపాటి దస్తావేజుల కంటె పనిచేయు వస్తువు మేలు, ఒప్పందపు షరతులు పట్టుకొని వాదించుట కంటె వాడువానితో కలిసి పనిచేయుట మేలు, వేసికొన్న ప్రణాళికను పట్టుకొని వ్రేలాడుట కంటె మార్పునకు తగినట్లు నడచుకొనుట మేలు, పద్ధతులు, పనిముట్ల కంటె మనుష్యులును, వారి మాటామంతియు ముఖ్యము. దస్తావేజులు, ప్రణాళికలు అక్కరలేదని మాత్రము వారనలేదు. ఈ సంగతి కొందరు విద్యార్థులు మరచి, ఏమియు వ్రాయకుండుటయే ఎజైల్ అని భావించుచున్నారు.

ఈ త్రోవలోని పద్ధతులలో ఎక్కువ ప్రచారము పొందినది స్క్రమ్. రగ్బీ ఆటలో ఆటగాండ్రు ఒకరినొకరు పట్టుకొని గుంపుగా ముందుకు త్రోయుటకు ఆ పేరు. 1986లో టకేయుచి, నొనాకా అను జపాను పండితులు ఇరువురు కలసికట్టుగా పనిచేయు బృందములకు ఆ పోలిక వాడిరి. 1995లో కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనువారు సాఫ్ట్‌వేరు పనికి దానిని ఒక పద్ధతిగా కూర్చి లోకము ముందుంచిరి. ఇందు కాలమును చిన్న చిన్న గడువులుగా విభజింతురు. గడువునకు స్ప్రింట్ అని పేరు. అది నెలకు మించరాదు. విద్యార్థులకు పక్షము దినములు సరిపోవును. ప్రతి గడువు చివరను ఎంత చిన్నదైనను పనిచేయు వస్తువొకటి వాడువాని చేతికీయవలెను. అతడు వాడిచూచి బాగోగులు చెప్పును. దానిని బట్టి తరువాతి పక్షము పని నిర్ణయమగును.

వ్యవసాయ శాఖతో పరిచయమున్న పెద్దలకు ఈ పక్షము లెక్క క్రొత్త కాదు. ప్రపంచ బ్యాంకు తరపున డేనియల్ బెనార్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతి 1974లో రాజస్థాన్‌లోని చంబల్ ఆయకట్టున ప్రారంభమై, 1980 దశకములో మన రాష్ట్రమునకును వచ్చెను. విస్తరణ ఉద్యోగి పక్షమునకొకసారి, చెప్పిన దినముననే, చెప్పిన గట్టుననే రైతులను కలియవలెనని అందలి నియమము. 1989లో ఇండొనేషియాలో వరి రైతులకై ఆరంభమైన పొలంబడి కూడ ఇట్టిదే. వారము వారము చేనిలోనికి దిగి పురుగులను, మిత్రపురుగులను లెక్కించిన పిదపనే మందు మాట తలపెట్టవలెను. అయితే శిక్షణ–సందర్శన పద్ధతి రానురాను చాలచోట్ల డైరీ నింపు తంతుగా మారినది. దినము తప్పలేదు, సందర్శనము తప్పలేదు. రైతు చెప్పినది మాత్రము పైకి చేరలేదు. ఎజైల్ పద్ధతికి కూడ పట్టగల తెగులు ఇదియే.

ఇక పని ఎట్లు సాగునో ఒక ఉదాహరణముతో చూతము. ఇది ఊహించినదే గాని, ఇందలి చిక్కులన్నియు డెల్టా రైతుకు అనుభవమైనవి.

పామర్రు సమీపమున ఒక గ్రామములో ఒక పంటబోదె క్రింద 30 చేలు ఉన్నవనుకొందము. సార్వా కోతలకు హార్వెస్టర్లు రెండు వచ్చును. ఎవరి చేను ముందు, ఎవరిది వెనుక అను తగవు ఏటేట తప్పదు. నవంబరు, డిసెంబరు నెలలు తుపానుల కాలము. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని, కల్లములలోని ధాన్యమును ఎట్లు తడిపినదో ఎవరును మరువలేదు. వంతు నాలుగు దినములు తప్పుట అనగా ఒక్కొక్కసారి పంట తప్పుటయే. కనుక కోత వంతుల పట్టిక తయారుచేయు ప్రోగ్రామొకటి వ్రాయుదుమని నలుగురు విద్యార్థులు జూలైలో వచ్చిరనుకొందము.

పాత పద్ధతిలోనైనచో వారు 40 పుటల దస్తావేజు వ్రాసి, నవంబరులో యాప్‌తో తిరిగి వత్తురు. ఎజైల్ పద్ధతిలో మొదటి పక్షమున అసలు యాప్ మాటయే ఉండదు. చేల వివరములు సేకరించి, కంప్యూటరులో సాధారణ పట్టికగా ఎక్కించి, పంట ముదురు తేదీల వరుసలో ఒక కాగితము అచ్చుతీసి రైతు సేవా కేంద్రము గోడకు అంటింతురు. పదునైదవ దినమున రైతులు దాని ముందు నిలిచి చూతురు.

మొదటి తప్పు వెంటనే బయటపడును. జూన్ 20న నారు పోసి, జూలై 20న నాటిన 150 దినముల రకమునకు విద్యార్థులు డిసెంబరు 17న కోత అని వేసియుందురు. పంటకాలము నారు పోసిన దినము నుండి లెక్కింపవలెనని, నాటిన దినము నుండి కాదని వారికెవరును చెప్పలేదు. సరియైన తేదీ నవంబరు 17. నెల దినముల తేడా! అదే దినమున వెదజల్లిన చేనైనచో మరి వారము పది దినములు ముందుగనే కోతకు వచ్చును.

రెండవ తప్పు ఇంకను లోతైనది. ఒక రైతు ఇట్లనుననుకొందము: "అది సరే అబ్బాయిలూ, లోపలి చేను ముందు పండిందనుకోండి. డొంక పక్క చేను కొయ్యకుండా మిషను లోపలికి ఎట్టా పోద్ది?" ఈ ఒక్క మాటతో తేదీల వరుస అంతయు తారుమారగును. ఏ చేనికి ఏ చేను మీదుగా దారియో తెలిసిననే గాని వంతు నిర్ణయింప వీలులేదు. ఒకదాని పిమ్మటనే మరొకటి జరుగవలసిన పనులను వరుసలో పెట్టు లెక్కను విద్యార్థులు తరగతిలో టోపోలాజికల్ సార్టింగు అను పేరుతో చదివియేయుందురు. ఆ లెక్క పామర్రు డొంక ప్రక్కన కాపురమున్నదని మాత్రము వారికి తెలియదు.

మూడవది చాల ముఖ్యమైనది. పట్టికలో పట్టాదారుల పేర్లున్నవి. సాగు చేయుచున్నది కౌలుదారులు. పట్టాదారు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండవచ్చును. వంతు కబురు ఆయనకు పోయినచో చేను ఎవరు చూచుకొందురు? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలు రైతునకు 11 నెలల కార్డును ఏర్పరచినది గాని, భూయజమాని సంతకము లేనిదే అది రాదు. కనుక కార్డు ఉన్నవారినే చేర్తుమన్నను చాలమంది బయట మిగులుదురు. సాగుదారుడెవరో బోదె మీది రైతులనడిగి వ్రాసికొనుటయే మార్గము.

పావుగంటలో మూడు తప్పులు దొరికినవి. నష్టము ఒక కాగితము. ఈ మూడును నవంబరులో, యాప్ అంతయు వ్రాసిన పిమ్మట బయటపడినచో దిద్దుటకు గడువుండదు. విద్యార్థులకు మార్కులు వచ్చును. రైతుకు మాత్రము ఏమియు రాదు.

రెండవ పక్షమున వారు ఈ మూడు తప్పులను దిద్ది, ప్రతి చేనికి ఎదురుగా "ముందు కోయవలసిన చేను" అను గడి చేర్తురు. ఇప్పుడు కంప్యూటరు వరుస కట్టుట మొదలిడును. మూడవ పక్షమున కబురు పంపు సంగతి వచ్చును. ఇచ్చట మరియొక మెలిక కలదు. కోతకు రెండు మూడు దినముల ముందు నిలుచున్న వరిలోనే మినుము చల్లు అలవాటు మన మాగాణులలో ఉన్నది. కనుక "రేపు నీ వంతు" అను కబురు అట్టి రైతునకు ఆలస్యమైనదే. కనీసము నాలుగు దినములు ముందు తెలియవలెను. ఈ సంగతిని పని చీటీపై ఎవరికి, ఏమి, ఎందుకు అను మూడు ముక్కలలో వ్రాయుదురు: "లోపలి చేను సాగుచేయు కౌలు రైతునకు, వంతు నాలుగు దినములు ముందు తెలియవలెను, మినుము విత్తనము సిద్ధపరచుకొనుటకు." దీనిని యూజర్ స్టోరీ అందురు. 40 పుటల దస్తావేజులో లేనిది ఈ చీటీలో ఉన్నది. అది చివరి మాట, "ఎందుకు" అనునది. బటనుల చిన్న ఫోను మాత్రమే ఉన్నవారికి యాప్ వలన ఫలము లేదు. వారికి సందేశము గాని, గోడమీది కాగితము గాని కావలెను. ఆ కాగితమును చివరివరకు తీసివేయరాదని మా అభిప్రాయము. ఫోనులో ఉన్నది ఒకరు చూతురు. గోడమీద ఉన్నది పదిమంది చూచి తప్పుపట్టుదురు.

ఈపాటికి రైతుల కోరికలు పెరుగుట సహజము. ధాన్యము ధర కావలెనని ఒకరు, వాన కబురు కావలెనని ఒకరు, మిషను కిరాయి లెక్క కట్టవలెనని మరియొకరు అడుగుదురు. అన్నింటికి తల ఊపుట విద్యార్థులకుండు మొదటి బలహీనత. ఎజైల్ పద్ధతిలో కోరికలన్నియు ఒక జాబితాలో వ్రాయుదురు. దానికి బ్యాక్‌లాగ్ అని పేరు. ఏది ముందు, ఏది వెనుక, ఏది వద్దు అని తేల్చుటకు ఒక్క మనుష్యుడు ఉండవలెను. ఇతనిని ప్రోడక్ట్ ఓనరు అందురు. చాల కళాశాల ప్రాజెక్టులలో ఈ స్థానమున అధ్యాపకుడే కూర్చుండును. అది నారుమడి చూడకుండ నాట్లు నిర్ణయించుట వంటిది. గ్రామములో నుండి ఒక సాగుదారుని ఎన్నుకొనుట మంచిది. సాధారణముగా ఊరిలో పెద్ద కమతము గలవారిని ముందుకు తోయుదుము. ఈ పనికి మాత్రము డొంకకు దూరముగ, లోపలి పల్లపు చేను కౌలుకు చేయువాడే తగినవాడు. వాని చేనికి సరిపడిన పట్టిక అందరికిని సరిపడును.

నాలుగవ పక్షమున వాన సంగతి. నేల తడిసినచో టైరు మిషను దిగదు, చైను మిషనే కావలెను. పట్టిక మరల కట్టవలెను. దీనికి నిజముగా వాన పడువరకు వేచియుండ నక్కరలేదు. "ఈ వేళ రాత్రి వాన పడినది" అని అనుకొని రైతుల ముందు పట్టిక మార్పించి చూడవచ్చును. ఐదవ పక్షమున క్రొత్తది ఏదియు చేర్చరాదు. ఉన్నదానిని గట్టిపరచి, గ్రామ వ్యవసాయ సహాయకునకు నేర్పి అప్పగింపవలెను. ఈ లెక్కన జూలై నడుమ మొదలైన పని అక్టోబరుకు ముగియును. ఇది యాదృచ్ఛికము కాదు. కోతలు ఊపందుకొను నవంబరులోనే విద్యార్థులకు పరీక్షలు వచ్చును. ఆ సమయమున వారి నుండి ఏమియు ఆశింపరాదు. కనుక అన్నింటికంటె అవసరమైనదే మొదట చేయవలెనను నియమము ఇచ్చట నిలబడుచున్నది. ఒకవేళ మూడవ పక్షముతోనే పని ఆగిపోయినను, రైతు చేతిలో ఒక పట్టిక మిగులును.

"అయిపోయినది" అను మాటను గూర్చి ఒక హెచ్చరిక. ధాన్యము ఎండినదని రైతనును, ఎండలేదని కొనుగోలుదారుడనును. తేమ 17 శాతము మించరాదని ముందే నిర్ణయముండుట చేతనే మీటరు పెట్టి తగవు తీర్చుచున్నాము. అట్లే ప్రతి చీటీకి "పూర్తి" అనగా ఏమో ముందుగనే వ్రాసికొనవలెను. విద్యార్థి తన ల్యాప్‌టాపులో చూపినది పూర్తి కాదు. రైతు తన ఫోనులో, తన ఊరి సిగ్నలుతో, తానే నొక్కి చూచినది పూర్తి.

విద్యార్థుల బృందములలో ఉండు ఇబ్బందులు వేరు. కంపెనీలో ఉద్యోగి దినమంతయు ఒకే పనిపై ఉండును. విద్యార్థికి ఇతర పాఠములు, ప్రయోగశాలలు, బస్సు ప్రయాణములు ఉన్నవి. ప్రాజెక్టుకు మిగులునది వారమునకు కొన్ని గంటలే. దినదినము పావుగంట నిలబడి మాటలాడుకొనవలెనని స్క్రమ్ నియమము. వారికి సాధ్యము కానిచో దినము విడిచి దినమైనను ఫోను గుంపులో ఏమి చేసితిని, ఏమి చేయుదును, ఎచ్చట చిక్కుకొంటిని అని మూడు వాక్యములు వ్రాసికొన్నను చాలును. మొదటి పక్షమున ఎనిమిది చీటీలు నెత్తిన వేసికొని మూడు మాత్రమే ముగించుట పరిపాటి. అందుకు సిగ్గుపడ నక్కరలేదు. రెండవ పక్షమున మూడో నాలుగో తీసికొనవలెను. మరల ఎనిమిది తీసికొనువారు నేర్చుకొనుట లేదన్నమాట.

నలుగురిలో ఒక్కడు పనియంతయు చేసి, ముగ్గురు పేర్లు వ్రాయించుకొను దుర్గుణము అందరికి తెలిసినదే. దీనికి విరుగుడు గలదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన గిట్ అను సాధనము ఏ పంక్తిని ఏ పేరున ఏ దినమున చేర్చిరో నమోదు చేయుచుండును. కాలువ లస్కరు గేజి రిజిస్టరు వంటిది. ప్రాజెక్టు డైరీ అంతయు చివరి రాత్రి కూర్చుండి వ్రాయవచ్చును గాని, నాలుగు నెలల గిట్ నమోదును పొందికగా ఒక రాత్రిలో పుట్టించుట సులభము కాదు. మార్కులు వేయు అధ్యాపకులు దీనినే అడిగి చూచుట న్యాయము. గ్రామస్థులకు ఇంతకంటె సులభమైన కొలత కలదు. పక్షమునకొకసారి వచ్చు విద్యార్థులు ప్రతిసారి ఒక్కడే మాటలాడుచున్నచో, ఈసారి మరియొకరిని చూపుమనవలెను. రైతుకు చూపవలసివచ్చినవాడు పని నేర్చుకొని తీరును.

ప్రతి పక్షము చివరను బృందము తమలో తాము కూర్చుండి, ఏది కుదిరినది, ఏది కుదరలేదు, వచ్చే పక్షమున ఏమి మార్చుకొందుము అని చూచుకొనవలెను. విద్యార్థులు సాధారణముగ ఎగవేయు భాగము ఇదియే. శిక్షణ–సందర్శన పద్ధతి డైరీ తంతుగా మారినదని పైన చెప్పితిమి. సమావేశము జరిగి ఏదియు మారకున్నచో ఇచ్చటను అదే గతి పట్టినదని తెలిసికొనవలెను.

అన్నియు విడతలుగానే చేయవచ్చునా? చేయరాదు. నత్రజనిని విడతలుగ వేయుదుము గాని భాస్వరము మొత్తమును దమ్ములోనే వేయుదుము. పైపాటుగా వేసిన సూపరు ఫాస్ఫేటు వేరుకు అందదు. సాఫ్ట్‌వేరులో కూడ భాస్వరము వంటి సంగతులు కొన్ని ఉన్నవి. రైతుల వివరములు ఎచ్చట దాచుదురు, ఎవరు చూడగలరు, పని ముగిసిన పిమ్మట ఏమి చేయుదురు అనునవి మొదటి దినముననే తేలవలెను. కోత వంతుకు ఆధార్ సంఖ్యతో పనిలేదు, బ్యాంకు ఖాతాతో అసలే లేదు. అడిగినను ఈయరాదు. 2023లో కేంద్ర ప్రభుత్వము వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును చేసినది. ఏ పనికి ఎంత అవసరమో అంతే తీసికొనవలెనని, అడిగి సమ్మతి పొందవలెనని దాని సారాంశము. కళాశాల ప్రాజెక్టు గదా అని గ్రామాధికారులు అడంగల్ నకలు మొత్తము పెన్‌డ్రైవులో ఎక్కించి యిచ్చుట తగదు.

మన తెలుగు ప్రాంతముననే విద్యాసంస్థయు రైతులును ఇట్లు మరల మరల కలిసి నడిపిన పనికి ఒక ఉదాహరణము కలదు. 2004లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసరు పి. కృష్ణారెడ్డి బృందము మీడియా ల్యాబ్ ఏషియాతో కలిసి 'ఈ–సాగు' అను పథకమును ప్రారంభించినది. వరంగల్లు జిల్లాలోని పత్తి చేలలో మొదలైనది. గ్రామములోని చదువుకొన్న సమన్వయకర్తలు క్రమము తప్పక చేలు తిరిగి డిజిటల్ కెమేరాతో ఫొటోలు తీసిరి. ఆనాడు ఇంటర్నెట్టు వేగము చాలనందున ఆ ఫొటోలను సీడీలలో ఎక్కించి హైదరాబాదునకు పంపిరి. వ్యవసాయ నిపుణులు ఒక్కొక్క చేనికి విడివిడిగా సలహా వ్రాసిరి; అది మరల గ్రామమునకు చేరినది. దీనిని ఎజైల్ ప్రాజెక్టు అని చెప్పుట మా ఉద్దేశము కాదు. అది విద్యార్థుల పరీక్షకై చేసినదియు కాదు. గమనింపవలసినది రెండు సంగతులు. గొప్ప తీగలు వచ్చువరకు ఆగక, చేతిలోనున్న సీడీతో పని ప్రారంభించిరి. రైతు వద్దకు ఒకసారి పోయి ఊరకుండక, పంట కాలమంతయు మరల మరల పోయిరి. మన పామర్రు విద్యార్థులకు నేడు ప్రతి జేబులోను ఫోనున్నది. లేనిది ఆ రెండవదే.

గ్రామాధికారులకు ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలినది. విద్యార్థులు మే నెలలో పట్టా పుచ్చుకొని హైదరాబాదో బెంగుళూరో పోవుదురు. యాప్ వారి పేరున ఉన్న ఖాతాలో ఉన్నచో, ఏడాది తిరుగకముందే మూతపడును. కనుక చివరి పక్షమున ఖాతా, పాస్‌వర్డు, ప్రోగ్రాము నకలు, రెండు పుటల తెలుగు వివరణ రైతు సేవా కేంద్రమున అప్పగించిన తరువాతనే వారి కాగితములపై సంతకము చేయవలెను. మొదటి దినముననే ఈ షరతు చెప్పుట మంచిది. ఐదు సందర్శనములకు ఐదు తేదీలు అప్పుడే వ్రాయించి గోడకు అంటింపవలెను. రైతులు కూడ ఆ దినములలో అరగంట కేటాయింపవలెను. వచ్చినవారిని నొప్పించరాదని "బాగుంది బాబూ" అని పంపుట మన మర్యాద; ఈ పనిలో మాత్రము అది వారికి మేలు చేయదు.

కోతలు ముగిసిన పిమ్మట, డిసెంబరు చివర, విద్యార్థులను మరియొకసారి పిలువవలెను. 30 చేలలో ఎన్నింటికి వంతు తప్పినది, ఎన్ని దినములు తప్పినది, ఎందువలన తప్పినది అని గోడమీది పట్టిక ప్రక్కన మిషను యజమాని లెక్కపుస్తకము పెట్టి చేను చేనుకు సరిచూడవలెను. అప్పటికి వారి పరీక్షలు కూడ ముగిసియుండును. బస్సు చార్జీలు ఊరివారు చందా వేసికొని యిచ్చినను పెద్ద ఖర్చు కాదు.